మా ఆవిడ తిన్నది

ఎపిఫానియో మొండిఘటం. భార్య సెబెరియానా మాట తప్ప జన్మలో ఇంకొకరి మాట విన్నవాడు కాదు. ఆవిడ పోయి నేటికి తొమ్మిదో రోజు. పేగులో గడ్డ లేచి ఆవిడను పొట్టన పెట్టుకుంది. ఇంట్లో అంత జరుగుతున్నా, తనకూ విరేచనంలో నెత్తురు పడుతోందని ఆ మహానుభావుడు పెదవి విప్పితే ఒట్టు! కూతురు నిల్దా బట్టలు ఉతుకుతూ కనిపెట్టింది. రాజధానిలో ఆసుపత్రి చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే పేగు పరీక్షకు ఒక తేదీ దొరికింది. దొరికి దొరికి అది తొమ్మిదో రోజు ప్రార్థనకు మర్నాడే పడింది. వదులుకుంటే మళ్ళీ ఎన్నాళ్ళకో. ఈయనను కూడా మట్టిలో పెట్టే శక్తి నిల్దాకు లేదు.

పొద్దున్నుంచీ పెరట్లో మట్టిపొయ్యి మండుతోంది. కర్రపెండలం పిండిలో చీజ్, సోంపు కలిపి ఆడవాళ్ళు చిపా రొట్టెలు కాలుస్తున్నారు. వాసన ఇల్లంతా కమ్మేసింది. ఆ వాసన మధ్యన రేపటి పరీక్షకు కడుపు కడిగే మందునీళ్ళ జాడీ పెట్టుకుని కూచున్నాడు ఎపిఫానియో.

"ఇంకో గ్లాసు, నాన్నా."

"మన దేశానికి సముద్రం లేదని ఏడ్చేవాణ్ణి. నువ్వు గ్లాసులో పోసి తెచ్చావుగా తల్లీ! ఇంత ఉప్పేమిటే?"

"మాటలాపి మింగు."

"పోనీ కాస్త తెరెరె పొయ్యి. చల్లటి ఆకునీళ్ళేగా."

"ఆకూ లేదు, అలమూ లేదు. నోట్లోకి ఇంకేదైనా పోయిందో, చూసుకో!"

సాయంత్రం ఇరుగుపొరుగంతా వచ్చి సెబెరియానా పటం ముందు ప్రార్థన మొదలుపెట్టారు. ఎపిఫానియో మోకాళ్ళ మీద కూచోవడం, కడుపు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తడం.

"మా అన్న దేవుడికంటే దొడ్డికే ఎక్కువ మొక్కుతున్నాడర్రా," అంది చెల్లెలు పెట్రోనా. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నవ్విన పెట్రోనాయే మరుక్షణం పటం వైపు చూసి బావురుమంది.

ప్రార్థనయ్యాక, పోయినావిడ పేరు మీద వచ్చినవాళ్ళకు చిపాలు పంచే హడావిడిలో నిల్దా కాసేపు తండ్రి సంగతి మరిచిపోయింది. మర్నాడు చీకటితోనే ఇద్దరూ బస్సెక్కారు. నిల్దా కునికిపాట్లు పడుతూ కూచుంది. కిటికీ పక్కన ఆయన కుదురుగానే ఉన్నాడు.

ఆసుపత్రిలో మత్తు ఇచ్చేముందు నర్సు అడిగింది: "నిన్నట్నుంచి ఏమైనా తిన్నారా, తాతా?"

"నేను తినలేదమ్మా. మా ఆవిడ తిన్నది."

నర్సు నిల్దా వైపు తిరిగింది. "మీ అమ్మగారెక్కడ?"

"అమ్మ చనిపోయింది," అంటూనే నిల్దా తండ్రి వైపు గిర్రున తిరిగింది. "నాన్నా! ఏం తిన్నావు?"

"రాత్రి రెండు చిపాలు. బస్సులో ఒకటి. అవన్నీ దాని వాటావే. చచ్చిపోయినవాళ్ళ పేరు మీద తిన్నది మన కడుపులో ఎందుకుంటుందే?"

నర్సూ ఆ పల్లెల పిల్లే, ఆ నమ్మకం ఎరిగినదే. వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. తిండి ఉన్న కడుపుతో మత్తు ఇవ్వడం ప్రాణం మీదికి తెస్తుందట.

నిల్దా వసారాలోనే విరుచుకుపడింది. "చిన్నపిల్లాడివా? నా బతుకంతా నీకు కాపలా కాయాలా? నీక్కూడా అమ్మలాగే పోవాలనుందా?"

ఎపిఫానియో నేల చూస్తూ అన్నాడు: "చివరి రోజుల్లో అది ఒక్క చిపా ముక్క అడిగింది. డాక్టరు వద్దన్నాడు. నువ్వూ వద్దన్నావు. నేను నోరు మూసుకున్నాను. తొమ్మిదో రోజుతో ఆత్మ ఇల్లు దాటిపోతుంది. ఆకలితో పంపమంటావా?"

నిల్దా అక్కడే గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మళ్ళీ తేదీ చలికాలం వెళ్ళాక గాని దొరకలేదు. అప్పటికి ఎపిఫానియో చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. ఈసారి మాత్రం బుద్ధిగా ఉన్నాడు. మందునీళ్ళు చుక్క మిగల్చకుండా తాగాడు. పచ్చి గంగ తప్ప ఏదీ ముట్టలేదు.

పరీక్ష అయ్యాక డాక్టరు నిల్దాను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. పేగు శుభ్రంగా ఉంది, అన్నీ బాగా కనిపించాయన్నాడు. కనిపించిన గడ్డ ఎంత దూరం పాకిందో కూడా చెప్పాడు. ఇక కోసి లాభం లేదన్నాడు. "పథ్యాలేమీ పెట్టకండి. ఏం అడిగితే అది చేసి పెట్టండి."

ఆమె కళ్ళు తుడుచుకుని బయటికొచ్చేసరికి ఎపిఫానియో మత్తు వదిలి బెంచీ మీద కూచుని ఉన్నాడు.

"ఈసారి నావల్ల తప్పేం లేదుగా?"

"లేదు నాన్నా. చాలా బాగా చేశావు."

"మరి నన్నేం తినమన్నాడు?"

"ఏదైనా తినొచ్చన్నాడు."

ఆయన మొహం వికసించింది. "ఏదైనానా! మీ అమ్మకు మంచినీళ్ళు కూడా వద్దన్నారు. అయితే నాకేం లేదన్నమాట!"

నిల్దా ఆయన చొక్కా బొత్తాలు పెడుతూ, అవునంది.