లేని కెమెరాకు కూత

నేను ఒక నల్ల డబ్బాను. మోటార్‌సైకిల్ హ్యాండిల్ మీద కూర్చుని, ముందు స్పీడ్ కెమెరా వస్తోందంటే కూత పెట్టడం నా ఉద్యోగం. నన్ను అబద్ధాలకోరు అన్నారు, నా నోరు నొక్కేశారు. అంతమాత్రాన సిగ్గుపడి ఏ మూలో ముడుచుకుని కూర్చునే రకాన్ని కాను. జరిగిందంతా చెబుతాను. విన్నాక మీరు ఏమనుకున్నా నాకు బెంగ లేదు.

ఫ్యాక్టరీలో నా పొట్టలో ఒక చిప్ పెట్టి, చిన్న ఎర్ర దీపం బిగించి, మూత వేశారు. పైనున్న ఉపగ్రహాలను అడిగి నేనెక్కడున్నానో తెలుసుకుంటాను. ఏ రోడ్డు మీద ఎక్కడ కెమెరా ఉందో నా జ్ఞాపకంలో ఉంటుంది. ఆ చోటు దగ్గర పడగానే కీ కీ మంటాను. ఇంతకు మించి నా దగ్గర మాయ లేదు. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద మాత్రం 'మీ భద్రత కోసం' అని రంగు అక్షరాలతో వేశారు. కొనేవాళ్లంతా చలానా తప్పించుకోవడానికే కొంటారని అమ్మేవాడికీ తెలుసు, నాకూ తెలుసు.

నన్ను కొన్నది మస్తాన్‌వలి. గుంటూరులో ఉంటూ మందుల కంపెనీకి రెప్రజెంటేటివ్‌గా పనిచేస్తాడు. రోజూ హైవే ఎక్కి ఊరూరా డాక్టర్లను కలిసి వస్తాడు. మెకానిక్ నన్ను బండి బ్యాటరీకి కలిపాడు. హెల్మెట్ పెట్టుకుంటే గాలి హోరులో నా కూత వినపడడం లేదని మస్తాన్‌వలి హెల్మెట్‌లోకి చిన్న స్పీకరు కూడా కొనుక్కొచ్చాడు. అప్పటినుంచి నా కూత నేరుగా అతని చెవిలోకే.

కెమెరా ముందు మనిషి ఎంత మర్యాదస్తుడో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. నేను కూయగానే మస్తాన్‌వలి వేగం తగ్గించి, నడుము నిటారుగా పెట్టి, పెళ్లిచూపులకు వెళ్తున్నవాడిలా స్తంభం దాటేవాడు. దాటిన మరుక్షణం యాక్సిలరేటర్ మెలిపెట్టేవాడు. అతనొక్కడే కాదు, ముందూ వెనకా పోయేవాళ్లందరిదీ అదే వరస. చలానా అంటే ఉన్న భయం చావంటే లేదు వీళ్లకు.

హైవే మీద వంతెన దిగగానే రావిగుంట అడ్డరోడ్డు వస్తుంది. ఊరు ఒక పక్క, మిరప చేలు ఇంకో పక్క. కోతల కాలంలో ఆడవాళ్లు పొద్దున్నే ముఠాగా రోడ్డు దాటి పనికి వెళ్తారు. కెమెరా వంతెన మీదే ఉంది. ఒకరోజు మస్తాన్‌వలి దాన్ని బుద్ధిగా దాటి, ఎప్పటిలాగే బండిని ఉరికించాడు. ఎదురుగా రోడ్డు మధ్యలో కూలీలు. బ్రేకు తొక్కితే బండి అడ్డంగా జారి, అందరికంటే ముందున్న ఆవిడకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆవిడ క్యారేజీ చేతిలోంచి జారిపడి, అన్నం తారు మీద చెల్లాచెదురైంది.

ఆవిడే ముఠా మేస్త్రి ఎస్తేరమ్మ. వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"కళ్లు ఇంటికాడ పెట్టొచ్చావా అబ్బాయా? ఆ బ్రిడ్జి కాడ దొరబాబులాగా మెల్లంగా వచ్చావు, నే చూశా. మమ్మల్ని చూసేతలికి ఏం పుట్టింది నీకు?"

మస్తాన్‌వలి కంగారులో నిజం చెప్పేశాడు. "అక్కడ కెమెరా ఉందమ్మా. ఇది కూసింది, తగ్గించా. ఇక్కడ లేదు, కూయలా."

"ఇక్కడ మేం ఉన్నాం గదయ్యా!"

అతను బండి దిగి, దొర్లిపోయిన క్యారేజీ గిన్నెలు ఏరసాగాడు.

"మా తోడికోడలు సుందరమ్మని పోయినేడు ఇక్కడే బండి గుద్దేసింది. అడ్డం ఏదన్నా పెట్టండయ్యా అని ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్లరిగినాయి" అంటూ ఎస్తేరమ్మ వంగి నన్ను చూసింది. "దీని మాటయితే ఇంటారుగా మీరు? ఇక్కడ గూడా కెమెరా ఉందని దీంతో చెప్పించు."

"లేంది ఉందంటే తప్పు గదమ్మా?"

"సుందరమ్మ పోవటం తప్పు గాదా?"

నా పక్కన ఒక మీట ఉంటుంది. కొత్త కెమెరా కనిపిస్తే నొక్కాలి. అదే చోట ఇంకొందరు కూడా నొక్కితే ఆ కబురు నాలాంటి డబ్బాలన్నింటికీ, ఫోన్లకూ చేరిపోతుంది. మస్తాన్‌వలి నొక్కాడు. నాకు భయం వేయలేదు, ఆనందం కలిగింది. పుట్టిన దగ్గర్నుంచి చలానాల కోసం గొంతు చించుకున్నదాన్ని, మొదటిసారి మనుషుల కోసం కూయబోతున్నాను.

అతను తోటి రెప్రజెంటేటివ్‌లను బతిమాలి వాళ్లచేతా నొక్కించాడు. ఇక చూడండి, కార్లూ బైకులూ అడ్డరోడ్డు దగ్గరకు రాగానే వేగం తగ్గించి, కెమెరా ఎక్కడుందా అని తలలు తిప్పి వెతికేవి. వెతికినంతసేపూ మెల్లగానే వెళ్లేవి. ఎస్తేరమ్మ చెయ్యి ఎత్తి ముఠాను తీరుబడిగా దాటించేది.

ఎవరికో కన్ను కుట్టింది. అక్కడ కెమెరా లేదని ఫిర్యాదు చేశారు. నన్ను తయారుచేసిన కంపెనీ మనిషి వచ్చి చూసి ఆ చోటు చెరిపేశాడు. మస్తాన్‌వలి మళ్లీ నొక్కాడు. వాళ్లు మళ్లీ చెరిపారు. అతనూ పంతం వదల్లేదు. చివరికి, తప్పుడు సమాచారం ఇస్తున్నందుకు సేవలు నిలిపివేస్తున్నామని అతని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ రోజు నుంచి నేను మూగదాన్ని. రోడ్డంతా ఎవడికి తోచింది వాడు వాగుతూ పోతుంటే, ఒక్క మంచి అబద్ధం ఆడినందుకు నాకు శిక్ష!

బండ్లు మళ్లీ ఉరకడం మొదలుపెట్టాయి. ఒక కారు తాకి ముఠాలో ఒకావిడ చెయ్యి విరిగింది. ఆ మర్నాడు ఎస్తేరమ్మ మస్తాన్‌వలిని ఆపింది.

"దీనికి నోరు పోయిందా?"

"పోయిందమ్మా. పనికిరాదిక."

"నోరు పోతే పోయింది. మొహం ఉందిగా!"

నూనె డబ్బా ఒకటి తెచ్చి తెల్లరంగు పూశారు. ముందు వైపు గుండ్రంగా కోసి, పాత టార్చిలైటు అద్దం బిగించారు. ఎర్ర దీపం అద్దంలోంచి కనపడేలా నన్ను లోపల కూర్చోబెట్టి, మస్తాన్‌వలి తెచ్చిన చిన్న సోలార్ పలకకు కలిపారు. సరుగుడు గుంజకు వెండిరంగు వేసి, ఆ కొసన నన్ను కట్టి, ఎస్తేరమ్మ ముఠా పనిచేసే చేను గట్టున రోడ్డుకు ఎదురుగా నిలబెట్టారు. కెమెరాల మీద చాడీలు చెప్పి బతికినదాన్ని, నేనే కెమెరానయ్యాను.

మొదటిరోజే బండ్లవాళ్లు నన్ను చూసి గతుక్కుమని మీటలు నొక్కేశారు. కంపెనీ మనిషి మళ్లీ వచ్చాడు. తల ఎత్తి చూసి, ఫోటో తీసుకుని, కెమెరా ఉన్న మాట నిజమేనని రాసుకుపోయాడు.

తర్వాత జీపులో ఎస్సై వచ్చాడు. కంపెనీ వాణ్ణి మోసం చేయవచ్చు కానీ, తమ కెమెరా ఏదో పోలీసులకు తెలియదా? గుంజ కింద నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన ఒక్క మాటంటే నన్ను పీకి పారేస్తారు.

"ఏమ్మా, ఇదెవరు పెట్టారు?"

"మీవోళ్లే పెట్టుంటారయ్యా. కూలోళ్లం, మాకేం తెలుసు?" అంది ఎస్తేరమ్మ, తొణక్కుండా.

అప్పుడే వంతెన దిగి ఒక బస్సు దూసుకొచ్చింది. నన్ను చూసి వేగం తగ్గించి, ఆగింది. చెయ్యి విరిగినావిడ కట్టుతోనే అందరితోపాటు రోడ్డు దాటింది. ఎస్సై ఆవిడ అవతలి గట్టు ఎక్కేదాకా చూశాడు.

"కొంచెం ఒరిగింది. సరిగ్గా నిలబెట్టించండి" అని జీపెక్కాడు.

ఎస్తేరమ్మ అప్పటికప్పుడు గుంజ మొదట్లో రాళ్లు దట్టించింది. ఇప్పుడు నిటారుగా ఉన్నాను. నన్ను దించేవాళ్లెవరో రమ్మనండి, చూస్తాను.