ఖాళీ కుర్చీ దగ్గర గుమాస్తా

గుమాస్తాను మూడోసారి వెనక్కి తెచ్చినవాళ్లు దాని మీద ఒక్క చాడీ కూడా చెప్పలేదు. కరవదు, అనవసరంగా మొరగదు, చెప్పుల జోలికి పోదు, పెట్టింది తింటుంది. ఆ ఇంటాయన గొలుసు టైలరమ్మ చేతిలో పెట్టి, "మంచి కుక్కేనండీ. మా వల్లే కావట్లేదు" అని నేలచూపులు చూశాడు. ఆయన భార్య కారు దిగనే లేదు.

దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ చేర్చుకుని, వాటికి కొత్త ఇళ్లు వెతికిపెట్టే షెల్టరు అది. టైలరమ్మ ప్రతి ఆదివారం అక్కడ ఊరికే పనిచేసేది. మిగిలిన గుడ్డముక్కలతో కుక్కలకు పరుపులు కుట్టి తెచ్చేది. నల్లకుక్కలు ఫొటోలో బొగ్గుముద్దల్లా పడతాయని, అందుకే వాటిని ఎవరూ అడగడం లేదని కనిపెట్టి, వాటి మెడలకు పసుపు రుమాళ్లు కట్టి ఫొటోలు తీయించేది. కుక్క కావాలని వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి, ఎవరికి ఏది సరిపోతుందో చూసేది. కంటికి నచ్చేది వేరు, ఒంటికి అమరేది వేరు అని బట్టలకు చెప్పే మాటే కుక్కలకూ చెప్పేది.

గుమాస్తా కూడా నల్లదే. మూతి మాత్రం నెరిసింది. ఎదుటివాడి గోడు ఓపిగ్గా వినే గుమాస్తాలా తల కాస్త పక్కకు వంచి కూర్చుంటుందని షెల్టరులో అందరూ అలా పిలిచేవారు. ఒంటరిగా బతికిన ఒక ముసలాయన పోతే, పక్కవాటావాళ్లు తెచ్చి వదిలారు.

టైలరమ్మ ఆ ఇంటాయనకు మంచినీళ్లిచ్చి, మెల్లగా కదిపితే అసలు సంగతి బయటపడింది. మధ్యాహ్నం అయ్యేసరికి గుమాస్తా సోఫా ఒక మూల ముందుకు వెళ్లి నేలమీద కూర్చుంటుందట. అక్కడ ఎవరూ ఉండరు. అది తల పైకెత్తి చూస్తుంది. తోక నేలమీద నెమ్మదిగా ఆడుతుంది. తర్వాత చెవులు వెనక్కి వాలిపోతాయి, కళ్లు సగం మూతపడతాయి, ఎవరో తల నిమురుతున్నట్టు. ఆ మూల ఆయన మామగారు కూర్చునే చోటు. పెద్దాయన పోయి చాలాకాలమైంది. రెండు రోజులు చూసి నవ్వుకున్నారు. తర్వాత ఆయన భార్య ఆ గదిలోకి రావడం మానేసింది.

అంతకుముందు తీసుకెళ్లినవాళ్లూ ఇంచుమించు ఇదే చెప్పారు. మొదటివాళ్లయితే అద్దెకున్న జంట. మంచం పక్కన ఖాళీగోడ దగ్గర అది తోకాడించడం చూసి, ఈ గదిలో మాకంటే ముందు ఎవరుండేవారని ఇంటివాళ్లను అడిగారట. వాళ్లు మాట మార్చేశారట.

షెల్టరులో వైద్యం చూసే డాక్టరమ్మ ఇవన్నీ కొట్టిపారేసింది. దాని కళ్లలో పొర వస్తోందని, ముసలికుక్కలు అలాగే శూన్యంలోకి చూస్తాయని, పాత యజమాని కుర్చీ దగ్గర కూర్చునే అలవాటు పోలేదని చెప్పింది. టైలరమ్మ అన్నిటికీ తలూపింది. సాయంత్రం వెళ్లేముందు, వేరే ఇల్లు దొరికేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకుంటానంది. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెబితే నవ్వుతారు, లేదా జాలిపడతారు. రెండూ ఆమెకు పడవు.

టైలరమ్మ భర్త లిఫ్టు మెకానిక్. ఆయన పోయి రెండేళ్లయింది. అయినా ఆ రెండుగదుల ఇంట్లో తానొక్కతే ఉంటున్నట్టు ఆమెకు ఏనాడూ అనిపించలేదు. మిషను ఎదురుగా ఆయన కుర్చీ అలాగే ఉంచింది. దాని మీద గుడ్డలు కూడా వేసేది కాదు. జాకెట్టు బిగుతైందని గొడవపడ్డ ఆవిడ గురించి, జిప్పుల ధర పెరగడం గురించి ఆ కుర్చీకేసి చెప్పుకునేది. ఒక్కోసారి కుర్చీ కిర్రుమనేది. చెక్క కదా, వేసవిలో అలా చప్పుడు చేస్తుంది. అది ఆమెకూ తెలుసు. కాని పైకి మాత్రం, "వింటున్నావులే" అనేది.

గుమాస్తా ఆ ఇంట్లోకి వచ్చి రెండు గదులూ వాసన చూసింది. నీళ్లు తాగింది. మిషను కింద, తొక్కే పెడలు పక్కన, చుట్టూ తిరిగి పడుకుని గురక పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం కూడా అంతే. ఆ మర్నాడూ అంతే. ఎక్కడా ఇంత హాయిగా పడుకుని ఉండదు. టైలరమ్మ దాన్ని లేపి కుర్చీ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. అది ఆమె మొహంలోకి చూసింది. బీరువాలోంచి ఆయన పనిచొక్కా తీసి కుర్చీ వీపుకు తగిలించింది. గుమాస్తా దాన్ని వాసన చూసి, ఒక తుమ్ము తుమ్మి, మళ్లీ మిషను కిందికి పోయింది.

దయ్యాలున్నాయంటే భయపడేవాళ్లను ఆమె చూసింది. లేవని తెలిసి భయపడటం ఆమెకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ ఎవరితో మాట్లాడుతున్నట్టు? పక్కమీద ఎవరికి చోటు వదులుతున్నట్టు? మిషను ఆపితే ఇల్లంతా బావిలా ఉంది. ఆమె మిషను ఆపడం మానేసింది. గుడ్డ లేకపోయినా వట్టి సూదినే ఆడించేది.

ఆ తర్వాత ఆమె గుమాస్తాను వెంటబెట్టుకుని ఆయన్ను వెతకడం మొదలుపెట్టింది. ఆయన పనిచేసిన షెడ్డుకు వెళ్లింది. అక్కడి కుర్రవాళ్లు కుక్కకు బిస్కెట్లు పెట్టారు. అది తిన్నది, తోకాడించింది, కాని బిస్కెట్లు పెట్టినవాళ్లకే. ఆయన మరమ్మతులు చూసిన పాత ఆఫీసు భవనం మెట్ల దగ్గర చాలాసేపు నిలబడింది. చివరికి, ఆయన పడిపోయిన బస్టాపుకు కూడా వెళ్లింది. ఆ రోడ్డున పోవడం మానేసి రెండేళ్లు. బల్లమీద కూర్చుని గుమాస్తాను చూసింది. అది చెవి వెనక కాలితో గోక్కుని, ఆవులించింది.

ఇక మిగిలింది ఒక్క చోటు. వదినగారి ఇల్లు.

ఆయనకు అక్క అంటే ప్రాణం. ప్రతి ఆదివారం అక్క దగ్గరికి వెళ్లి, ఆమె వంట చేస్తుంటే కబుర్లు చెబుతూ కూర్చునేవాడు. పెళ్లయిన కొత్తలో టైలరమ్మ దీనికి మూతి ముడిచేది, తర్వాత పుల్లవిరుపు మాటలు అనేది, ఆ తర్వాత అదీ విసుగొచ్చి ఊరుకుంది. ఆ రోజు కూడా ఆయన అక్కడి నుంచే వస్తూ బస్టాపులో కూలబడ్డాడు. అక్కడే ఇంకాసేపు ఉండి ఉంటే మనిషి పక్కన మనిషి ఉండేది. ఆసుపత్రిలో అందరి ముందూ టైలరమ్మ ఒకే మాట అడిగింది: "ఒంట్లో బాగాలేని మనిషిని ఎలా పంపారు వదినా?" అప్పటినుంచి మాటల్లేవు.

తలుపు తీసిన వదినగారు ముందు కుక్కను చూసింది, తర్వాత మనిషిని. పక్కకు జరిగి దారిచ్చింది. బాగా చిక్కిపోయింది. టైలరమ్మ దారిపొడుగునా అల్లుకున్న అబద్ధం, ఈ కుక్కకు ఇల్లు వెతుకుతున్నాను, మీకేమైనా కావాలేమోనని వచ్చాను అన్నది, నోట్లోంచి రాకముందే గుమాస్తా గొలుసు లాక్కుంది.

వంటింటి గుమ్మం పక్కన ఒక పాత చెక్క కుర్చీ. గుమాస్తా నేరుగా దాని ముందుకు వెళ్లి, తల పక్కకు వంచి కూర్చుంది. తోక నేలను ఊడ్చింది. కాసేపటికి చెవులు వెనక్కి వాలాయి. కళ్లు మూతపడ్డాయి.

టైలరమ్మకు భయం వేయలేదు. ముందుగా వచ్చింది ఏడుపు కూడా కాదు, ఉక్రోషం. బతికినన్నాళ్లూ అక్కా అక్కా అన్నాడు, పోయాక కూడా ఇక్కడికేనా? రెండేళ్లు తను ఖాళీ కుర్చీతో కాపురం చేసిందా?

వదినగారు కుక్కనే చూస్తోంది. ఆశ్చర్యపోయినట్టు లేదు.

"మీకు కనిపిస్తాడా?" అంది టైలరమ్మ.

"నాకేం కనిపించదమ్మా. ఊరికే మాట్లాడతాను."

"ఏమని?"

వదినగారు పొయ్యి మీద గిన్నె దించి, చేతులు తుడుచుకుంది. "ఆ రోజు అనాల్సిన మాటే అంటాను. కాసేపు నడుం వాల్చరా, ఎండ తగ్గాక వెళ్దువుగానీ అని. రోజూ అంటాను."

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. ఆ రోజు తమ్ముడి మొహం పాలిపోయి ఉందట. ఆమె చూసింది. ఆగమని చెబుదామనుకుంది. కాని ఇంటిదగ్గర మా ఆవిడ కర్టెన్లు కత్తిరిస్తోంది, టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి, వెళ్లాలి అక్కా అంటూ వాడు చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఇంకా ఆపితే మరదలు చిన్నబుచ్చుకుంటుందని, సరే పోయిరా అంది.

"నేను ఆగమంటే ఆగేవాడు" అంది వదినగారు. "నా మాట ఎప్పుడూ కాదనలేదు."

ఆ కర్టెన్లు టైలరమ్మకు గుర్తున్నాయి. నీలిరంగువి, గోడ వెడల్పంత. ఆయన రాలేదని విసుక్కుంటూ, టేపు కొసను మేకుకు తగిలించి ఒక్కతే కొలుచుకుంది. ఆయన ఆమె కోసమే లేచాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. ఇంటికి రావాలనే బయల్దేరాడు.

ఆమె వదినగారికేసి తిరిగింది. "రోజూ ఆగమంటుంటే ఎలా వస్తాడు వదినా?"

అందులో నిష్ఠూరం లేదు. వదినగారు ఆ మాటకు తల ఎత్తి మరదల్ని చూసింది. తర్వాత కుర్చీ ముందుకు వెళ్లి నిలబడింది. చిన్నపిల్లాడిని బడికి పంపుతున్నట్టు, "బయల్దేరరా" అంది. "ఆలస్యమైంది. మీ ఆవిడే వచ్చింది, పో."

గుమాస్తా కళ్లు తెరిచింది. లేచింది. వీధితలుపు దాకా నడిచి, పక్కనెవరో చెప్పులు వేసుకునేదాకా ఆగినట్టు ఆగింది. తర్వాత బయటికి నడిచింది.

ఇద్దరూ దాని వెనకే నడిచారు. వదినగారు తాళం వేయడం కూడా మరిచిపోయింది. మిట్టమధ్యాహ్నం, వీధిలో జనం లేరు. గుమాస్తా కాలిబాట అంచున నడుస్తోంది, లోపలివైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. మధ్యమధ్య తలెత్తి అటే చూస్తోంది. ఆ చోటులోకి తన నీడ పడకుండా టైలరమ్మ కొంచెం వెనకబడి నడిచింది.

బస్టాపులో అది కూర్చుంది. టైలరమ్మ ఆగిపోయింది. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. వదినగారు ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులూ చల్లగా ఉన్నాయి. బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. ఎక్కుతారా అని డ్రైవరు వీళ్లకేసి చూశాడు. గుమాస్తా లేచి నిలబడి, తెరిచిన తలుపుకేసి చూస్తూ తోక ఊపింది. తలుపు మూసుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, తోక దించి, వెనక్కి తిరిగింది. వదినగారి ఇంటివైపే నడిచింది. గొలుసు లాగినా టైలరమ్మ వెంట రాలేదు.

"ఇవాళ్టికి మీ దగ్గరే ఉండనివ్వండి" అని గొలుసు వదినగారికి ఇచ్చి, టైలరమ్మ తర్వాతి బస్సులో ఇంటికి వెళ్లింది. తాళం తీసి గుమ్మంలో కొంతసేపు నిలబడింది. లోపల అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కుర్చీకి తగిలించిన చొక్కా అలాగే ఉంది. ఆమె దానివైపు చూడలేదు, పలకరించలేదు. మిషను ముందు కూర్చుంది. వీపుకేదో వెచ్చగా తగిలినట్టయింది. కిటికీలోంచి ఎండ కావచ్చు. తల తిప్పలేదు.

గుమాస్తా వదినగారి దగ్గరే ఉండిపోయింది. షెల్టరు పద్ధతి ప్రకారం కుక్కను ఇచ్చాక కొన్నాళ్లు వెళ్లి చూసి రావాలి. ఆ పని టైలరమ్మే పెట్టుకుంది. కొన్నాళ్లు దాటిపోయినా ఆదివారం షెల్టరు పని అయ్యాక వెళుతూనే ఉంది. వంటింటి పక్క కుర్చీలో ఇప్పుడు వదినగారే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. కుక్క ఆమె కాళ్ల దగ్గర పడుకుంటుంది. ఆ కుర్చీ దగ్గర అది మళ్లీ అలా తలెత్తి చూడలేదు. ఇల్లు బోసిపోయిందని ఒకసారి వదినగారు అంది, అని వెంటనే, మంచిదేలే అంది.

ఒక ఆదివారం టైలరమ్మ లేచి వెళ్లబోతుంటే వదినగారు గొలుసు తెచ్చి ఆమె చేతికివ్వబోయింది.

"ఒక్కపూట మీ ఇంటికి తీసుకెళ్లి చూడు. చేరాడో లేదో తెలుస్తుంది కదా."

టైలరమ్మ గుమాస్తా తల నిమిరింది. దాని చెవులు ఆమె చేతికింద వెనక్కి వాలాయి.

"మాది మూడో అంతస్తు వదినా. ముసలిది, అన్ని మెట్లెక్కలేదు" అంది.

అన్నాళ్లు ఆ మెట్లే ఎక్కి దిగిన కుక్క అని వదినగారికి తెలుసు. అయినా గొలుసు తిరిగి మేకుకు తగిలించి, మరదల్ని సాగనంపడానికి వీధిదాకా వచ్చింది.