చెంచాడు పెరుగు

చెన్నకేశవులుగారు అబద్ధమాడరు. జరిగినదాన్ని కాస్త సాగదీస్తారు, అంతే. మనవరాలు ఇంద్రజని మొదటిసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు కూడా, తమ ఊరి శ్రీరాములు దవడపన్నుకి తాడుకట్టి దున్నపోతుతో లాగించిన వైనం పళ్ళ డాక్టరమ్మకి వినిపించారు. పన్ను ఊడలేదుట. శ్రీరాములే పొరుగూరి దాకా ఈడ్చుకుపోబడి, అక్కడ చుట్టాలింట్లో భోంచేసి తిరిగొచ్చాడుట. కూతురు హైమవతి తలదించుకుని అదంతా హిందీలో చెప్పాల్సొచ్చింది.

ఇంద్రజకి అయిదేళ్ళు. ఎనిమిది పళ్ళు పుచ్చాయి. నోరు తెరవదు, తెరిస్తే కరుస్తుంది. డాక్టరమ్మ వేలు చూసుకుని, పిల్లకి పూర్తిగా మత్తిచ్చి, నిద్రలో ఉండగా అన్నీ ఒకేసారి బాగుచేస్తామంది. పళ్ళవాళ్ళకి ఆపరేషన్ థియేటరు నెలకొక్కసారే, మొదటి గురువారం, ఒంటిగంట దాకా.

డిసెంబరులో పిల్లకి దగ్గని పంపేశారు. జనవరిలో మత్తు డాక్టరు సెలవన్నారు, అదీ పిల్లని మధ్యాహ్నం దాకా మాడ్చాక. అల్లుడు ఫౌజులో, జమ్మూలో ఉన్నాడు. హైమవతికి ఆఫీసులో సెలవులు అయిపోవచ్చాయి. పిల్ల ఒక పక్కే నములుతూ, ముద్దముద్దకీ ఏడుస్తోంది.

మూడోసారి ఫిబ్రవరి ఒకటి, తొంభై ఆరు. తెల్లవారాక మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదన్నారు. చెన్నకేశవులుగారు కాపలాకి దిగారు. బిస్కెట్ల డబ్బా బీరువామీద దాచారు. వాసన తగిలితే పిల్ల అడుగుతుందని తమ కాఫీ కూడా మానుకున్నారు. ఆయన కాఫీ మానడం కూతురుండే మయూర్ విహార్‌లో అదే మొదటిసారి.

హైమవతి ఆటో కోసం కిందికి దిగింది. ఎదురింటి కమల గిన్నె పట్టుకుని తలుపు దగ్గరికొచ్చింది. లక్నో మనిషి. వాళ్ళలో పరీక్షకి వెళ్ళినా, కోర్టుకి వెళ్ళినా నోట్లో పెరుగూ పంచదారా పెట్టిగాని గడప దాటనివ్వరు.

"బాబూజీ, రెండుసార్లూ ఉత్తినోటితో పంపారు. పనెలా అవుతుంది?"

ఇంకోరోజైతే ఆయన నవ్వేవారే. కానీ రెండుసార్లు వెనక్కొచ్చిన మనసు. చెంచాడు పెరుగు కడుపులో ఏమూలకి? ఆయన ఊఁ అన్నారు. డాక్టర్లెవరికీ తెరవని నోరు ఇంద్రజ కమలకి తెరిచింది.

"మీ అమ్మకి చెప్పకు" అని ఆయన కండువాతో మూతి తుడిచారు.

ఆసుపత్రిలో పిల్లకి ఆకుపచ్చ గౌను తొడిగారు. మత్తు డాక్టరు, కుర్రాడే, ఏమన్నా తిందా అని మూడోసారి అడిగాడు. రాత్రినుంచీ ఏమీ లేదంది హైమవతి.

"ఎన్నిసార్లడుగుతాడే?" అన్నారు పెద్దాయన.

"కడుపులో ఏదన్నా ఉంటే మత్తులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది నాన్నా. ప్రాణం మీదికొస్తుంది."

చెన్నకేశవులుగారు కూతురి దగ్గరికి జరిగారు.

"హైమా, పిల్ల పెరుగు తింది."

"ఇప్పుడు కాదు నాన్నా."

"చెంచాడు. పంచదార వేసి. నేను చూస్తుండగానే."

"నిన్నటిదాకా దున్నపోతు, ఇవాళ పెరుగా? బయట కూచోండి." డాక్టరువైపు తిరిగి, "పితాజీ మజాక్ కర్తే హైఁ" అంది.

వేళాకోళమనేసరికి డాక్టరు కూడా నవ్వాడు. దున్నపోతు సంగతి అక్కడందరికీ తెలుసు. ఏనాడూ లేనిది అంగుళం సాగదీయకుండా చెప్తే ఒక్కరికీ నమ్మకం కుదరలేదు. ట్రాలీ కదిలింది. ఆయన ఊచ పట్టుకున్నారు.

"ఇందూ, పొద్దున్న ఏం తిన్నావో చెప్పమ్మా."

"కుఛ్ నహీఁ" అంటూ ఇంద్రజ బుద్ధిగా ఏమీ లేదంది.

"పరవాలేదు, చెప్పెయ్. నేనే చెప్పమంటున్నాగా."

పిల్ల తల్లిని చూసింది, తాతని చూసింది. "తాతా నే బోలా థా, మమ్మీ కో మత్ బతానా."

మమ్మీకి చెప్పొద్దన్న ఆ మాటతో డాక్టరు నవ్వు ఆగిపోయింది. హైమవతి పెరుగు సంగతి హిందీలో చెప్పాక, పాలూ పెరుగూ ఏది తిన్నా ఆరుగంటలు ఆగాలన్నాడు. ఒంటిగంటకి థియేటరు వేరేవాళ్ళది. చీటీమీద మార్చి ఏడు అని రాసిచ్చాడు.

ఆటో యమున వంతెన ఎక్కాక హైమవతి తండ్రివైపు తిరిగింది.

"మీరు చెప్పకపోయుంటే..." అంది. వంతెన దిగుతుండగా, "అసలు పెట్టనివ్వకపోయుంటే..." అంది.

ఆయన రెండింటికీ తలూపారు.

మెట్లమీద కమల ఎదురై, "హో గయా?" అంది. కాలేదని తెలిసి గడ్డానికి వేలానించి ఆలోచించింది. "ఒక్క చెంచాయే పెట్టాను కదూ. ఈసారి రెండు పెడతాను."

హైమవతి తండ్రికేసి చూసిన చూపుకి ఆయన గోడకి జరిగారు.

ఇంట్లో ఇంద్రజ రెండు ముద్దలు తిని, చెంప పట్టుకుని ఏడుపందుకుంది. చెన్నకేశవులుగారు లవంగనూనె సీసా తెచ్చి, దూది ముంచి పక్కన కూచున్నారు.

"తాతా, దున్నపోతు కథ" అంది పిల్ల వెక్కుతూ.

"ఈవేళ అది మేతకి పోయిందమ్మా" అన్నారాయన, గోడమీది క్యాలెండరు చూస్తూ. ఇంకా ముప్ఫై అయిదు రోజులు.