అలలు లేని నీళ్లు

ఆ మధ్యాహ్నం మజ్జోరే సరస్సు అద్దంలా ఉంది. గాలి బొత్తిగా లేదు. నీళ్లలో కొండలు తలకిందులుగా నిలబడ్డాయి.

నీటి విమానాలు నడిపేవాళ్లకు గాలివాన కన్నా ఇలాంటి నీళ్లంటేనే హడలు. పైనుంచి చూస్తే నీళ్లెక్కడ మొదలవుతాయో కంటికి ఆనదు. అందుకే ముందుగా ఒక మోటారు పడవ వెళ్లి అలలు లేపాలి. వాటిని చూసుకుని విమానం దిగుతుంది. సెస్తో రేవులో ఆ పడవ నడిపేది ఎర్సీలియా.

ఆకాశంలో చక్కర్లు కొడుతున్నది కెప్టెన్ సావెల్లీ. విమానంలో ఒక్కడే ఉన్నాడు. ఎర్సీలియా పడవ కట్టు విప్పలేదు.

నిరుడు ఇలాంటి నీళ్ల మీదే సావెల్లీ పడవ కోసం ఆగకుండా దిగాడు. ఒడ్డున పెద్దింటి ఆడవాళ్లు చూస్తున్నారని దర్జా. విమానం ముక్కుతో నీటిని గుద్దింది. అతను బయటపడ్డాడు. మెకానిక్ ఆన్సెల్మో లోపలే మునిగిపోయాడు. అతను ఎర్సీలియా భర్త.

"మెకానిక్ నిర్లక్ష్యం వల్ల ఇంజిన్ ఆగిపోయింది. అలల కోసం ఆగాల్సిన పని నాకు లేదు, కళ్లు మూసుకుని దిగుతాను," అని విచారణలో ప్రమాణం చేసి చెప్పాడు సావెల్లీ. అందరూ నమ్మారు. అప్పటినుంచి రేవులో ఎవరు పని చెడగొట్టినా వాణ్ని ఆన్సెల్మో అని వెక్కిరిస్తున్నారు.

"అమ్మాయ్, పడవ తియ్యి. వాడికి పెట్రోలు అయిపోతోంది," అన్నాడు రేవు కాపలాదారు, ముసలి బెర్తో.

"కళ్లు మూసుకుని దిగుతాడుగా మావా. మూసుకోమను."

విచారణ జరిపిన ఇన్‌స్పెక్టరు గబగబా వచ్చాడు. "పడవ ఎందుకు కదల్లేదు?"

"ఆయనకి అక్కర్లేదండి. మీ ముందేగా చెప్పారు."

విమానం కిందికి వచ్చింది. బెదిరి మళ్లీ పైకి లేచింది. ఇంకోసారీ అంతే.

"మరి దిగడేం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, మెల్లగా.

"నేనూ అదే చూస్తున్నానండి."

ఇంజిను దగ్గడం మొదలుపెట్టింది. బెర్తో ఆమె చెవి దగ్గర వంగాడు. "చస్తాడే."

"చావనీ."

"చస్తే రేపు బ్యాండు మేళం. ఎల్లుండి పాలరాతి బొమ్మ. నీ మొగుడి పేరు మాత్రం ఆ బురదలోనే."

ఎర్సీలియా ఒక్క క్షణం ఆలోచించింది. పడవ కట్టు విప్పేసింది.

ఆమె లేపిన అలల మీద విమానం దభీమని దిగింది. ఇంజిను ఆగిపోయింది. టిచీనో నది సరస్సులోంచి బయటపడే చోటు అది. ప్రవాహం విమానాన్ని వంతెన స్తంభాల వైపు లాగుతోంది.

"తాడు వెయ్యి," అన్నాడు సావెల్లీ.

ఎర్సీలియా పడవను దూరంగానే ఉంచింది. "ముందు మా ఆయన ఇంజిను సంగతి చెప్పండి."

"నీకు పిచ్చా? వంతెన దగ్గరికొచ్చేస్తోంది."

"కనపడుతూనే ఉంది."

అతను వంతెనను చూశాడు. ఒడ్డును చూశాడు. "ఆ రోజు ఇంజిను బాగానే ఉంది," అని గొణిగాడు.

"చేపలకు వినపడింది. ఇన్‌స్పెక్టరుగారికి వినపడొద్దూ?"

స్తంభం నీడ రెక్క మీద పడింది. సావెల్లీ గొంతు చించుకుని అరిచాడు. "ఇంజిను బాగానే ఉంది. నేనే పడవ కోసం ఆగలేదు. ఆన్సెల్మో తప్పేం లేదు."

ఒడ్డున ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు.

అప్పుడు ఎర్సీలియా తాడు విసిరింది. రేవంతా గట్టు మీదికి వచ్చేసింది. సావెల్లీ రెక్క మీద తల దించుకుని కూర్చున్నాడు. ఎర్సీలియా పడవ వేగం బాగా తగ్గించింది. ప్రతి ఒక్కరూ అతన్ని తీరిగ్గా చూడాలి.