మూడు చుక్కల ఎలుక

కొమురెల్లి ఎలుకను ఎడమచేత్తో పట్టి, దాని గడ్డం పైకెత్తి, మొద్దు సూదితో గొంతులోకి మందు వదిలాడు. వీపు మీద మూడు పసుపు చుక్కలున్న మగ ఎలుక. పత్తికి కొట్టే పురుగుమందును నూనెలో కలిపి రోజూ దానికి పట్టిస్తారు. పక్క వరసవాటికి ఉత్త నూనె. యూనివర్సిటీ జంతుశాలలో పదకొండేళ్లుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. గుర్తు చుక్కలు పెట్టే రంగు పట్టి అతని వేళ్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి.

కిటికీ ఎండలో తెల్లటి వీపులు మబ్బుల్లా కదులుతుంటే, అతనికి తాను హసన్‌పర్తి పత్తిచేలో ఉన్నట్టుండేది. వీపున మందు కొట్టే పంపు, చుట్టూ మందు పొగ. ఈ కొలువుకు ముందు ఏడేళ్లు ఆ పొగలో నడిచాడు, ముక్కుకు గుడ్డయినా కట్టకుండా.

ప్రతి మగదానికీ ఒక ఆడదాన్ని జతచేశారు. ఉత్త నూనె పంజరాల్లో పిల్లలు చిక్కుడు గింజల్లా కిక్కిరిసి ఉన్నాయి. మూడు చుక్కలదాని పంజరంలో ఒక్కటీ లేదు.

పరిశోధన చేస్తున్న శారద అందులోకి చూసి ఆగింది. "కొమురెల్లన్నా, ఇండ్ల ఆడది మారిందేంది?"

"నేనే మార్చిన మేడం. రెండుసార్లు. గొడ్డువే వచ్చినయనుకున్న."

"ఎవరు మార్చుమన్నరు?"

"ఎవ్వలనలే. మా అమ్మ నాకు చేస్తనన్న పనే దీనికి చేసిన. నేనైతే ఒప్పుకోలే."

పెళ్లై ఇరవై ఏళ్లు. పిల్లల్లేరు. మారుమనువు వద్దన్నాడు గానీ, లోపం భార్య చిలుకమ్మదేనని అతనూ నమ్మాడు.

శారద తిట్టబోయి, పంజరం మూత వేసింది. "ఆడవాటికి మందు పట్టియ్యలే గదన్నా. మంచి ఆడదాన్ని జతేస్తేనే మగదాని సంగతి తెలుస్తది. పరీక్షే అది."

మధ్యాహ్నం ఆ ఎలుకను, పక్క వరసలో ఒకదాన్ని కోశారు. శారద వృషణాలను అద్దుడు కాగితం మీద ఆరబెట్టి తూచింది. మూడు చుక్కలదానివి రెండోదానివాటిలో సగం కూడా తూగలేదు. మైక్రోస్కోపు ముందు నుంచి జరిగి, "చూడు" అంది. ఉత్త నూనెదాని బీజకణాలు చేపపిల్లల్లా ఈదుతున్నాయి. మూడు చుక్కలదాంట్లో గుండ్రటి వెలుతురు, ఒక మూల కదలకుండా ఒకటి. మంచు కమ్మిన చేనులా ఉంది. అతను చాలాసేపు అందులోనే ఉండిపోయాడు.

"మందు కొట్టిన మనుషులకు గూడ ఇట్లనే అయితదా మేడం?"

"ఇంకా తెల్వదన్నా. అందుకే చూస్తున్నం."

సాయంత్రం చిలుకమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. పిల్లల కోసం పాలకుర్తిలో కట్టించుకున్న తాయెత్తు దండచేతికి అలాగే ఉంది.

"అది ఇప్పెయ్యి," అన్నాడు కొమురెల్లి. "నీల లోపమేం లేదు. నాదే కావచ్చు."

ఆమె తుంచడం ఆపలేదు. "గీ మాట చెప్పనీకి నీకు ఎలుకలు గావాల్సొచ్చినయా?"

కాసేపటికి చెయ్యి చాపింది. ముడి బిగిసిపోయింది. వేళ్లతో రాక, పంటితో విప్పాడు. పారేయబోతే వద్దంది. "దారం గట్టిగనే ఉన్నది. నీ తాళంచెవులకు కట్టుకో."

మర్నాడు జంతుశాల తలుపు తెరుచుకోలేదు. పది గంటలకు చిలుకమ్మ తమ్ముడు మొగిలయ్య వచ్చాడు, కొమురెల్లి సైకిల్ మీద.

"బావ నిద్రలనే పోయిండు మేడం. ఎలుకలు ఉపాసముంటయని అక్క ఇయి ఇచ్చి రమ్మన్నది."

శారద అరచేతిలో రెండు తాళంచెవులు, వెలిసిపోయిన తాయెత్తు దారం; ముడి దగ్గర రెండు వేళ్లంత మేర పచ్చటి మరక.