స్తానా ఒప్పుకున్న రోజు

ఆ ఉదయం చేతికొచ్చిన సీన్ కాగితాలు చదివి, దరింకా మేకప్ కుర్చీలోంచి లేచి దర్శకుడి గదికి పరుగు తీసింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, ఒక కంటికే కాటుక, మెడ చుట్టూ తువ్వాలు, అలాగే.

బెల్‌గ్రేడ్‌లో ఆమెను దరింకా అని పిలిచేవాళ్ళు తక్కువ. ఆరేళ్ళుగా ఆమె అందరికీ స్తానా. రోజూ సాయంత్రం వచ్చే సీరియల్లో స్తానా ఒక వితంతువు. భర్త రదోవాన్ సమాధి దగ్గర నిలబడి, ఈ గుండెలో ఇంకొకరికి చోటు లేదని ఒట్టేసుకున్న మనిషి. ఎదురింట్లో గడియారాలు బాగుచేసే మిలుతిన్ రెండుసార్లు పెళ్ళి మాటెత్తితే, రెండుసార్లూ గేటు దగ్గర నుంచే పంపేసింది. రెండోసారి అతను తెచ్చిన పూలను తీసుకెళ్ళి రదోవాన్ సమాధి మీద పెట్టి వచ్చింది. దానికి దేశమంతా మురిసిపోయింది. కూరగాయల బజారులో ఆడవాళ్ళు "లొంగకమ్మా స్తానా" అంటూ దరింకా సంచిలో ఊరికే మిరపకాయలు వేసేవాళ్ళు.

ఇప్పుడీ కాగితాల్లో మిలుతిన్ మూడోసారి అడుగుతాడు. స్తానా "సరే" అంటుంది. అంతే, ఆ ఒక్క మాటే.

"ఏంటిది తిహోమీర్?" అంది దరింకా, కాగితాలు బల్లమీద పడేసి.

"పెళ్ళి అక్కా. వసంతానికల్లా పెళ్ళి చూపించమని పైనుంచి చెప్పారు."

"పెళ్ళి వద్దని నేననలేదు. ఆరేళ్ళు కాదన్న మనిషి మంగళవారం పొద్దున లేచి సరే అంటుందా? జ్వరమొచ్చిందా దానికి?"

తిహోమీర్ నుదురు రుద్దుకున్నాడు. "ఆరింటికి స్తానా ఇంటి సెట్టు విప్పేస్తారు. ఈ రోజు తప్పితే లేదు. ఎన్ని సీన్లు కావాలి నీకు?"

"రెండు."

"రెండింటికల్లా కాగితాలు నా చేతిలో పెట్టు. ఒక్క నిమిషం దాటినా ఈ ‘సరే’తోనే సర్దుకోవాలి."

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. దరింకాకు ఒంట్లో ఎక్కడలేని హుషారు వచ్చింది. రచయిత్రి ఇస్క్రా క్యాంటీన్‌లో జున్ను కూరిన బురెక్ రొట్టె తింటూ దొరికింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. విషయం వినగానే చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"నాకు తెలీకే అలా రాశానక్కా. నాకింకా మొదటి పెళ్ళే కాలేదు. రెండోదాని గురించి ఏం రాయను?"

"నాకు మాత్రం తెలుసా? ఒకసారి చేసుకుని, విడిపోయి, హాయిగా ఉన్నాను. మళ్ళీ చేసుకోమని ఎవరైనా అంటే పారిపోతాను. లే, తెలిసిన మనిషి దగ్గరికి పోదాం."

తెలిసిన మనిషి మేకప్ వేసే పెర్సా. భర్త పోయాక, అరవై ఒకటో ఏట ఒక పోస్ట్‌మ్యాన్‌ను రెండో పెళ్ళి చేసుకుంది.

"ఇద్దరూ పోలీసుల్లా వచ్చారేంటే?" అంది పెర్సా. "ముందు ఆ రెండో కన్ను పూర్తి చెయ్యనీ."

"చేస్తూనే చెప్పు. నీ మనసు ఎప్పుడు మారింది?"

పెర్సా రెండో కంటికి కాటుక దిద్దడం మొదలుపెట్టింది.

"మారడం నాకు తెలీలేదమ్మా. ఉత్తరం ఉన్నా లేకపోయినా రోజూ నా గేటు దగ్గర ఆగేవాడు. నేను కిటికీలోంచే రెండు మాటలు అనేదాన్ని. ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు కాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చాడు. ఒక కబురు పంపడానికి ఏమొచ్చిందని వీధంతా వినేలా తిట్టాను. తిట్టి లోపలికొచ్చి కూర్చున్నా కోపం తగ్గలేదు. ఏమీ కాని మనిషి మీద అంత కోపం ఎందుకొస్తుంది? అప్పుడు తెలిసింది."

"మరి మొదటాయన?" ఇస్క్రా గొంతు తగ్గించి అడిగింది.

"ఫోటో గోడమీదే ఉంది. ఈయనే దుమ్ము తుడుస్తాడు."

ఇస్క్రా పెన్సిల్ అందుకుంది. కాగితం దొరక్క షూటింగ్ పట్టిక వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. ఆమె ఒక వాక్యం రాస్తే దరింకా గట్టిగా చదివేది. "స్తానా ఇన్ని మాటలు మాట్లాడదు, కొట్టెయ్" అనేది. పెర్సా పౌడరు బ్రష్ పట్టుకుని "తిట్టు ఇంకా ఘాటుగా ఉండాలి" అని అందించేది. ముగ్గురూ ఒకరి మాటలో ఒకరు దూరుతూ, నవ్వుతూ, మళ్ళీ గడియారం చూసి కంగారుపడుతూ రెండు సీన్లు పూర్తిచేశారు. రెండింటికి ఇంకా రెండు నిమిషాలుండగా ఇస్క్రా మెట్లు దూకుతూ వెళ్ళి కాగితాలు తిహోమీర్ చేతిలో పెట్టింది. అతను నిలబడే చదివి, "లైట్లు వెయ్యండి" అన్నాడు.

మొదటి సీన్లో స్తానా వంటింట్లో పొయ్యి మీద పళ్ళ జామ్ కలుపుతూ ఉంటుంది. కిటికీలోంచి మిలుతిన్ కొట్టు కనిపిస్తుంది. మూసి ఉంది. పట్టనట్టు గరిటె తిప్పుతుంది. మళ్ళీ చూస్తుంది. జామ్ అడుగంటుతుంది.

రెండోదానికి మిలుతిన్ వేషం వేసే వ్లాస్తా తన మాటలు వల్లె వేసుకుంటూనే సెట్టులోకి వచ్చాడు. తలుపు తట్టాడు. దరింకా తెరిచింది. అతని ముఖం చూడగానే ఆమెకు నిజంగానే కోపం పొంగింది.

"మూడు రోజులు. చచ్చావో బతికావో ఎవర్నడగాలి నేను? ఎదురింట్లోనే ఉంటావు, ఒక్క మాట చెప్పి వెళ్ళడానికి నోరు పడిపోయిందా?"

"చెల్లెలికి ఒంట్లో బాగోకపోతే నిష్ ఊరికి వెళ్ళాను. నేను లేకపోతే నీకు పట్టింపని నాకేం తెలుసు స్తానా?"

కాగితంలో ఇస్క్రా అక్కడ మాట రాయలేదు, ఒక చూపు మాత్రమే రాసింది. దరింకా గోడమీది రదోవాన్ ఫోటో వైపు చూసింది, తర్వాత మిలుతిన్ వైపు.

"ఆ ఫోటో తియ్యను."

"తీస్తే నేనే ఊరుకోను. ఇరవై ఏళ్ళు నాతో చదరంగం ఆడిన మనిషి."

"అయితే లోపలికి రా. చలి కొడుతోంది."

తిహోమీర్ కట్ చెప్పడం మరిచిపోయాడు. లైట్ల దగ్గర నిలబడ్డ లావుపాటి మనిషి చేతిరుమాలు తీసి ముక్కు చీదాడు. ఆ చప్పుడుకి అందరూ ఒక్కసారి నవ్వేశారు. ఇస్క్రా దరింకా మెడకు వేలాడింది. అప్పటికి ఐదున్నర. సెట్టు విప్పేవాళ్ళు సుత్తులతో తలుపు బయట కాచుకుని ఉన్నారు.

ఆ భాగం మూడు వారాల తర్వాత ప్రసారమైంది. మర్నాడు పొద్దున దరింకా ట్రామెక్కగానే ఒకావిడ లేచి నిలబడింది.

"సిగ్గులేదా స్తానా? ఒట్టు ఏమైంది?"

"ఆవిడ బతుకు ఆవిడిష్టం, నీకెందుకు?" అని వెనక సీటు నుంచి ఇంకొకావిడ అందుకుంది. క్షణంలో ట్రామంతా రెండు పక్షాలైపోయింది. దరింకాకు నవ్వాగలేదు. వీళ్ళకింత పట్టింపు ఉందంటే ఆ రెండు సీన్లూ పండినట్టే.

ఆమె దిగబోతుంటే బూడిదరంగు తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ చెయ్యి పట్టుకుంది.

"మా పై అంతస్తులో ఒకాయనున్నాడమ్మా. రోజూ నాకు రొట్టె తెచ్చి తలుపుకి తగిలించి పోతాడు. నిన్న నీ సీరియల్ అయ్యాక మెట్లెక్కి వెళ్ళి కాఫీకి పిలిచాను."

"వచ్చాడా?"

"చొక్కా మార్చుకుని వస్తానన్నాడు," అంది ముసలావిడ. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "అరగంట పట్టిందమ్మా ఆ చొక్కాకి. వచ్చాక మూడు కప్పులు తాగాడు."