చదువు రాని కంటికి దగ్గరి చూపెందుకు?

కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం వెళ్లే దారిలో తెలుగు ఇళ్లు గుంపుగా ఉన్న ఊరు ఒకటుంది. అక్కడ మోహన్‌రాజ్ ఇంట్లో కూతురు చారులత పెళ్లి కుదిరింది. ముహూర్తానికి నాలుగైదు నెలలున్నా పసుపుకొమ్ములు ఎండబెట్టడం, పట్టుచీరల బేరాలు అప్పుడే మొదలయ్యాయి. పైకి చూస్తే ఏ లోటూ లేని ఇల్లు. కాని ఒక్క సంగతి అందరినీ లోలోపల కొరుకుతోంది. చారులత నాయనమ్మ చెన్నమ్మాళ్ నల్లపూసలు గుచ్చనని తప్పుకుంది.

ఇదేమంత పెద్ద విషయమని మీరనుకోవచ్చు. ఆ ఇంటివాళ్లకు పెద్ద విషయమే. వాళ్ల పెద్దలు తెలుగు నేల విడిచి ఎన్ని తరాలైందో ఎవరూ చెప్పలేరు. బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు నోట ఉందే గాని చదవడం ఎవరికీ రాదు. అయినా ఈ పద్ధతిని మాత్రం వదులుకోలేదు. ఆడపిల్ల పెళ్లికి గుచ్చిన నల్లపూసలు అంగట్లో కొనరు. విడిపూసలు తెచ్చి, ఇంటి పెద్ద ముత్తైదువ తన చేత్తో గుచ్చాలి. కూతుళ్లకు, మేనకోడళ్లకు చెన్నమ్మాళే గుచ్చింది. చారులత ఉయ్యాల్లో ఉన్నప్పుడే, "నీకు పూసలు గుచ్చేదాకా నేను పోను" అని మాటిచ్చిందట.

అలాంటి మనిషి ఇప్పుడు, చేతులు నొప్పి, మరదలు పొన్నమ్మాళ్ చేత గుచ్చించండి అనేసింది. ఇంకేముంది, ఇంట్లో తలా ఒక మాట. పెళ్లికొడుకు పాండియన్ తమిళ పిల్లవాడు, చారులత తానై కోరుకున్నవాడు. ముసలామెకు ఆ సంబంధం గిట్టలేదని అందరూ తీర్మానించేశారు. చారులత నాయనమ్మను ఏమీ అడగలేదు. అవ్వ చేతి పూసలు లేకుండా పీటల మీద ఎలా కూర్చోవాలా అని మాత్రం లోపల కుమిలిపోయింది.

ఒక మధ్యాహ్నం ఎండిన వడియాలు తీయడానికి మిద్దెక్కిన చారులతకు అవ్వ కనబడింది. మండుటెండలో ఒంటరిగా కూర్చుని ఉంది. ఒళ్లో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో నల్లపూసలు. దారం కొస నోట తడిపి, పూసను చేయి చాచినంత దూరం పట్టుకుని గుచ్చబోయింది. దారం పక్కకు పోయింది. మళ్లీ తడిపింది. ఈసారి పూస జారి దొర్లిపోయింది. దాని కోసం అవ్వ నేలంతా తడుముతుంటే చారులత వెళ్లి పూసను ఏరి పళ్లెంలో వేసింది.

"నా మింద కోపమని అనుకుంటిమే అవ్వా," అంది, పక్కన కూలబడి.

"కోపమేల కన్నూ? ఆ పిల్లగాడు బంగారం. అదో, ఆ కొండ మింద చెట్లు కూడా అగుపిస్తా ఉండాయి. చేతిలో ఉండే పూస బెజ్జం అగుపించలే. చెప్తే, వయసాయె, ఊరికే కూచో అంటారు. నీ మెడలో నా పూసలు చూడాలని నాకెంత ఆశో నీకేం తెలుసు."

కొండ కనబడి పూస కనబడకపోవడానికి కారణం ఉంది. నిరుడు ఆమె కుడికంటికి శుక్లం తీసి లెన్సు పెట్టారు. చదవడం, కుట్టడం లాంటి దగ్గరి పనులేమైనా చేస్తుందా అని ఆసుపత్రి డాక్టరు అడిగితే, మోహన్‌రాజ్ అందుకుని, అమ్మకు చదువు రాదు, దూరం కనబడితే చాలు అన్నాడు. ఆమె పక్కనే కూర్చుని ఉంది. దగ్గరి చూపుకు అద్దాలు రాసిచ్చారు గాని, చదవని మనిషికెందుకని అవీ చేయించలేదు. మోహన్‌రాజ్ చెడ్డవాడా అంటే కానే కాదు. తల్లిని చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది అతడే. మన ఇళ్లలోని మోహన్‌రాజ్‌లందరూ మంచివాళ్లే, అదే వచ్చిన చిక్కు.

ఎడమకంటిలోనూ శుక్లం ముదురుతోంది. చారులత అవ్వను, నాన్నను వెంటబెట్టుకుని డాక్టర్ సుగన్య దగ్గరికి వెళ్లింది. తేని జిల్లా వైపు తెలుగింటి ఆడపడుచు ఆమె. పరీక్ష చేసి నిదానంగా విడమరిచి చెప్పింది. నలభై దాటాక కంటిలోని లెన్సు బిగుసుకుపోయి ఎవరికైనా దగ్గరి చూపు తగ్గుతుంది. శుక్లం తీసి పెట్టే లెన్సును ఏ దూరానికి పెట్టాలో ముందే ఎంచుకోవచ్చు. కుడికన్ను దూరానికి ఉంది కనుక ఎడమకంటికి దగ్గరి చూపు లెన్సు పెట్టి చూడవచ్చు. అది అందరికీ పడదు, కాబట్టి ముందు పరీక్షించాలి. పడకపోతే అద్దాలున్నాయి.

తర్వాత అవ్వ వైపు తిరిగి, "మీకు దగ్గర్లో ఏమేమి అగుపించాల అవ్వా?" అని అడిగింది.

మోహన్‌రాజ్ అలవాటుగా నోరు తెరిచాడు. డాక్టరమ్మ చేయెత్తి ఆపింది. ఆ ప్రశ్న చెన్నమ్మాళ్‌ను అంతకుముందు ఎవరూ అడగలేదు.

"బియ్యంలో రాయి," అంది మెల్లగా. "సూది బెజ్జం. చేప ముల్లు. మా ఇంటాయన కాలి గోళ్లు." మనవరాలి చేయి పట్టుకుంది. "ఈ బిడ్డ పూసలు."

మోహన్‌రాజ్ తల దించుకున్నాడు.

"మీ ఇంట్లో దగ్గరి పనులన్నీ చేసింది ఈ చదువు రాని కండ్లే గదా అన్నా," అంది డాక్టరమ్మ. "దగ్గరి చూపు పుస్తకానికి మాత్రమేనని మనమెట్ల అనుకుంటిమి?"

పరీక్షలో ఇబ్బందేమీ లేదని తేలింది. ఆపరేషన్ జరిగింది, కన్ను కుదుటపడింది. పెళ్లి వారం ఉందనగా చెన్నమ్మాళ్ వసారాలో పళ్లెం ముందేసుకుని కూర్చుంది. దారం కొస తడిపి, పూసను ముఖానికి దగ్గరగా పట్టుకుంది. దారం బెజ్జంలో దూరింది. ఆమె పూసను వెంటనే దారం వెంబడి కిందికి జార్చలేదు. ఎన్నాళ్లకో ఇంటికొచ్చిన బిడ్డను చూసినట్టు చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా కూర్చున్న చారులతకు కళ్లనీళ్లు ఆగలేదు.

మోహన్‌రాజ్ వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. వసారాలో ఇంకో లైటు పెట్టించమంటావా, కుర్చీ తెమ్మంటావా అని వరసగా అడిగాడు.

చెన్నమ్మాళ్ పూసల మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఇట్లనే ముందు నన్నడుగురా," అంది. "కన్ను నాది గదా."